ఒక్క మేకు తక్కువ

సాగరపాడు పురపాలక సంఘంలో సీనియర్ అసిస్టెంటు పరంజ్యోతికి రెండు విద్యలు వచ్చు. ఒకటి డ్రాఫ్టు రాయడం. రెండోది వడ్రంగం మొదలుపెట్టడం. వడ్రంగం పూర్తిచెయ్యడం వేరే విద్యనీ, దానికి వేరే మనుషులుంటారనీ అతని భార్య మంగతాయారు పెళ్ళైన రెండో ఏడే కనిపెట్టింది. ఆ ఇంట్లో మూడు కాళ్ళ స్టూలు ఒకటుంది. వెనకపలక లేని పుస్తకాల బీరువా ఒకటుంది. కూతురు కడుపులో ఉండగా మొదలెట్టిన ఉయ్యాల ఒకటుంది. కూతురు ఇప్పుడు భీమవరంలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. ఉయ్యాలకు ఇంకా ఒక పక్క కటకటాలు బిగించాలి.

"ఇంకొక్క ఆదివారం పని" అంటాడు పరంజ్యోతి, ఎవరైనా అడిగితే. ఆరంభ శూరుణ్ణని అతనికీ తెలుసు. తెలిసి ఊరుకుంటే సరిపోయేది, కానీ టేకు చెక్క మీద చిత్రిక పడుతుంటే వచ్చే వాసనకి అతను నిలవలేడు.

ఆ ఏడు వైశాఖంలో ఒకనాడు ఈదురుగాలి లేచింది. ఎవరి మేడ మీదో సగం కట్టి వదిలేసిన పాక నుంచి ఓ చెక్క ఊడి, ఎగిరొచ్చి, కమిషనర్ గారి కారు మీద పడింది. కారులో కమిషనర్ గారు లేరు. అద్దం కూడా పగల్లేదు. అయినా ఆయన వెంటనే పరంజ్యోతిని పిలిపించారు.

"ఇది కేవలం చెక్క కాదు పరంజ్యోతీ, ఇదొక ధోరణి" అన్నారు కమిషనర్ గారు, ఆ చెక్కను బల్ల మీద పెట్టుకుని. "ప్రకృతి వైపరీత్యాలకూ పౌరుల కొయ్యపనులకూ మధ్య సమన్వయలోపం స్పష్టంగా గోచరిస్తోంది. సాయంత్రం అయిదింటికల్లా ఒక సమగ్ర నియమావళి నా ముందు ఉండాలి."

ఆఫీసులో కొత్త డ్రాఫ్టు రాయడమంటే పాత డ్రాఫ్టు వెతకడమని అర్థం. పరంజ్యోతి ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు. కుక్కల లైసెన్సు నిబంధనల్లోంచి కల్యాణమండపాల నిబంధనలు తీసిన చెయ్యి అది. ఆ కల్యాణమండపాల వాళ్ళు ఈనాటికీ ఏటా టీకా వేయించినట్టు ధ్రువపత్రం తెచ్చి ఇస్తున్నారు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ రోజు అతని చేతికి దీపావళి బాణసంచా దుకాణాల నియమావళి తగిలింది. మొత్తం పదిహేడు నిబంధనలు. 'బాణసంచా దుకాణము' అన్నచోటల్లా 'ఆరుబయలు కొయ్యపని' అని మార్చాడు. పైన వాన సంగతి ఒకటి కొత్తగా చేర్చాడు. టీ తాగి వచ్చి నాలుగున్నరకే పట్టుకెళ్ళి ఇచ్చాడు.

కమిషనర్ గారు మొదటి పేజీ చదివి, చివరి పేజీలో సంతకం పెట్టి, "అమోఘం" అన్నారు.

దాని ప్రకారం సాగరపాడులో ఎవరైనా ఆరుబయట రంపం పట్టాలన్నా, తలుపు బిగించాలన్నా, పందిరి వెయ్యాలన్నా, మూడు రోజులు ముందుగా దరఖాస్తు పెట్టి 'వర్షరాహిత్య ధ్రువపత్రం' పొందాలి. పత్రంలో రాసిన తేదీనే పని చెయ్యాలి. ముందు చెయ్యకూడదు, తర్వాత చెయ్యకూడదు. పని చోట రెండు బకెట్ల ఇసుక ఉంచాలి. ఒక చెక్కకూ ఇంకో చెక్కకూ మధ్య మూడు మీటర్ల దూరం పాటించాలి.

మూడు రోజుల తర్వాత వాన రాదని ఎలా తెలుస్తుందని ఎవరో సభ్యుడు కౌన్సిల్లో అడిగాడు. "విభాగం తగిన శాస్త్రీయ ఏర్పాట్లు చేసుకుంది" అని కమిషనర్ గారు జవాబిచ్చారు. ఆ ఏర్పాటు పేరు సత్తియ్య. అతను అటెండరు. రోజుకు మూడుసార్లు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, లోపలికి తీసుకుని, చూసి, రిజిస్టరులో 'తడవలేదు' అనో 'తడిసినది' అనో రాసి పొడి సంతకం పెట్టేవాడు. చెయ్యి తడవని రోజు వచ్చిన దరఖాస్తులకు మూడో రోజు తేదీతో పత్రం ఇచ్చేవారు.

రెండు నెలల్లో ఊరు పద్ధతిలో పడింది. ఎండ కాసిన రోజున వడ్రంగులందరూ ఆఫీసు ముందు వరసలో నిలబడేవారు. వాన కురిసిన రోజున, చేతిలో ఆనాటి తేదీ పత్రం ఉంది కనుక, పెళ్ళాల చేత గొడుగులు పట్టించుకుని చిత్రికలు పట్టేవారు. తడిసిన చెక్క ఉబ్బి, సగం బిగించిన తలుపులు మళ్ళీ ఎండలో ఎండి, ఊరంతా కిర్రుమనేది. కమిషనర్ గారు ఆ వానలో కారు ఆపించి, "చూశావా పరంజ్యోతీ, పౌరుల్లో ఎంత క్రమశిక్షణ వచ్చిందో!" అన్నారు. పరంజ్యోతి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

శ్రావణంలో తాయారుకు మోకాలి ఆపరేషన్ అయ్యింది.

రాజమండ్రిలో చేయించారు. అక్కడే ఆవిడ చెల్లెలి ఇల్లుంది కనుక కాస్త కోలుకునేదాకా అక్కడ ఉండిపోయింది. సాగరపాడులో వాళ్ళ ఇంటికి స్నానాల గది పెరట్లో ఉంది. దానికి అయిదు మెట్లు దిగాలి. డాక్టరు మెట్లు పనికిరావన్నాడు.

"ఏమండీ, ఆ మెట్ల మీద ఏటవాలుగా ఒక బల్ల, పట్టుకోడానికి ఒక రెయిలింగు పెట్టించండి. అంతే. అదయితే వచ్చేస్తాను" అంది తాయారు ఫోనులో. "వడ్రంగి సింహాచారికి చెప్పండి. ఒక పూటలో చేసేస్తాడు."

"ఇంట్లో నేనుండగా సింహాచారి ఎందుకు?"

"ఉయ్యాల మాటేమిటి?" అంది ఆవిడ.

"అది వేరు. ఇది నీ కోసం."

"ఉయ్యాల మీ కూతురి కోసం కదూ."

పరంజ్యోతికి పౌరుషం వచ్చింది. ఆ సాయంత్రమే టింబరు డిపోకి వెళ్ళి నాలుగు టేకు బల్లలు తెచ్చుకున్నాడు. భార్య లేని ఇంట్లో రాత్రి తన చేత్తో వండుకున్న చారన్నం తింటే, ఆ చారులో ఉప్పు ఎక్కువై, చింతపండు తక్కువై, ఆవిడ లేకపోవడమన్నది నాలిక మీదే తెలిసింది అతనికి. వారంలో తీసుకొచ్చేస్తాను అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఫెళ్ళున ఎండ. బల్లలు పెరట్లోకి మోశాడు. రంపం తీసేసరికి గుర్తొచ్చింది, పత్రం లేదు. నియమావళి రాసినవాడే దాన్ని తప్పితే ఊరు ముఖాన ఉమ్మేస్తుంది. బల్లలు లోపలికి మోసి ఆఫీసుకెళ్ళి దరఖాస్తు పెట్టాడు.

దరఖాస్తు అతని బల్ల మీదికే వచ్చింది. ఏ దరఖాస్తునూ ఒక్క అభ్యంతరమైనా లేకుండా వదిలే అలవాటు అతనికి లేదు. సొంతమని వదిలేస్తే పక్షపాతం అవుతుంది. చూస్తే ఇసుక బకెట్ల ఫొటో జతపరచలేదు. 'ఇందుమూలముగా దరఖాస్తుదారునకు తెలియజేయడమేమనగా' అని తనకు తానే మెమో రాసి, సత్తియ్య చేత ఇంటికి పంపించాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి సత్తియ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంట్రా సత్తియ్యా, ఆఫీసులోనే ఇవ్వకపోయావా?"

"ఆయ్, అలా కుదరదండి బాబూ. ఆఫీసులో తవరు అధికారి. ఇక్కడైతే దరకాస్తుదారుడు. ముట్టినట్టు సంతకం ఎట్టండి."

పెట్టాడు. రెండు రోజులు పోయాక ఇసుక ఫొటో జతపరిచాడు. 'సంతృప్తికరము' అని తనే రాశాడు. పత్రం వచ్చింది. పత్రంలో తేదీ నాడు పొద్దుటినుంచే కుండపోత. బల్లలకి గొడుగు పట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో రంపం పట్టుకుని రెండంగుళాలు కోశాడు. చెక్క తడిసి రంపం ఇరుక్కుంది. ఆ తర్వాత రంపమూ బల్లా కలిసే ఇంట్లోకొచ్చాయి.

అలా భాద్రపదం గడిచింది. ఎండ వస్తే పత్రం లేదు, పత్రం వస్తే ఎండ లేదు. ఒకసారి రెండూ కలిశాయి. ఆ రోజు 'ఎండ అనగానేమి' అని నిర్వచించడానికి కమిషనర్ గారు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా సమావేశం పెట్టారు, మినిట్స్ రాసింది పరంజ్యోతి. బల్లలు మంచం కింద కొన్నాళ్ళు, వంటింట్లో కొన్నాళ్ళు, చివరికి మంచం మీదా, అతను చాప మీదా పడుకోవడం మొదలైంది. అతికించిన జిగురు తేమకి ఆరక, పొద్దున్న చూస్తే పెరుగులా జారేది. ఒక పక్క పాలిష్ పెడితే బూజు పట్టినట్టు తెల్లబడింది.

"ఎంతవరకు వచ్చింది?" అని తాయారు అడిగితే, "కలప కాస్త స్థిరపడాలి" అనేవాడు.

"కలప స్థిరపడింది కానీ నేనే స్థిరపడలేదు" అంది ఆవిడ ఒకరోజు. గొంతులో ఎకసెక్కం లేదు. "రెండు నెలలైంది. మా మరిదిగారు దేవుడిలాంటి మనిషి. అయినా పొద్దున్నే ఆయన పేపరు చదువుకునే చోట నేను కర్ర పట్టుకుని నడక నేర్చుకుంటున్నాను. నాకు సిగ్గుగా ఉందండీ. నా ఇంట్లో, నా పెరట్లో, నా బావి దగ్గర తలంటి పోసుకోవాలని ఉంది. నాగులచవితి పొద్దున్న కారు మాట్లాడుకుని వస్తున్నాను. బల్ల ఉంటే దిగుతాను. లేకపోతే అదే కారులో వెనక్కి పోతాను."

పరంజ్యోతి ఫోను పెట్టేసి మంచం మీద ఉన్న బల్లల వంక చూశాడు. ఆవిడ పడుకునే వైపు కూడా బల్లే ఉంది. ఏడుపొచ్చినంత పనైంది.

ఈలోగా ఆఫీసులో పిడుగు పడింది. కమిషనర్ గారి బంగళాకు సింహాచారి కొత్త గేటు చేశాడు. పత్రం ప్రకారం, వానలో, రెండు బకెట్ల ఇసుక పెట్టుకుని, చెక్కకీ చెక్కకీ మధ్య సత్తియ్య టేపు పట్టి కొలిచాక, నిఖార్సుగా చేశాడు. నాలుగో రోజు పొద్దున్న పురపాలక సిబ్బంది ట్రాక్టరు వేసుకొచ్చి ఆ గేటును ఊడబెరుక్కుని పోయారు.

"ఏమిటిది?" అన్నారు కమిషనర్ గారు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"పద్ధెనిమిదో నిబంధనండి" అన్నాడు సత్తియ్య వినయంగా. "ఇన్నాళ్ళూ ఊళ్ళో పనులు సగంలోనే ఉండిపోయాయి కాబట్టి వాడకంలోకి రాలేదండి. పని పూర్తయిందంటే తవరిదే మొదలండి."

పరంజ్యోతి నియమావళి తెరిచాడు. పద్ధెనిమిదో నిబంధన ఇలా ఉంది: 'ఆరుబయలు కొయ్యపని పూర్తి అయిన మూడు దినములలోగా సదరు నిర్మాణమును ఆనవాలు లేకుండా తొలగించవలెను.' బాణసంచా దుకాణాలను పండగ అయిన మూడు రోజుల్లో పీకెయ్యమని ఎప్పుడో ఎవరో రాసిన మాట. ఆనాడు టీకి లేవకుండా ఆ చివరి పేజీ ఒక్కసారి చదువుకుని ఉంటే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

"సవరణ చేద్దాం సార్" అన్నాడు పరంజ్యోతి.

కమిషనర్ గారు తలుపు వేయించారు. "సవరణ అంటే పొరపాటు జరిగిందని అంగీకరించడం. పొరపాటు జరిగిందంటే, డ్రాఫ్టు రాసిన వాడెవరు, చదవకుండా సంతకం చేసిన వారెవరు అన్న అనవసర చర్చ ఉత్పన్నమవుతుంది. అది పరిపాలనా సౌలభ్యానికి భంగకరం. సవరణ వద్దు. వివరణ ఇద్దాం."

"దేనికి సార్?"

"పూర్తి అనగానేమి?"

ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చుని వివరణ తయారుచేశారు. 'పూర్తి అనగా, సదరు పనికి ఉద్దేశింపబడిన మేకులలో చిట్టచివరి మేకు కొట్టబడిన క్షణము.' సాయంత్రానికి గేటు తిరిగొచ్చింది. కమిషనర్ గారే స్వయంగా పటకారుతో ఒక మేకు లాగి జేబులో వేసుకున్నారు. గేటు కాస్త ఊగుతోంది. చట్టం మాత్రం స్థిరంగా ఉంది.

నాగులచవితికి ముందురోజు. బంగాళాఖాతంలో అల్పపీడనం. పరంజ్యోతి చేతిలో ఆ రోజు తేదీతో వర్షరాహిత్య ధ్రువపత్రం, నెత్తిన వాన. మెట్ల దగ్గర నిలబడి ఇరుక్కున్న రంపాన్ని లాగుతున్నాడు. అది రాలేదు. ఇంక పౌరుషాన్ని కట్టిపెట్టి, తలమీద గోనెపట్టా వేసుకుని సింహాచారి ఇంటికి నడిచాడు.

సింహాచారికి అరవై ఏళ్ళుంటాయి. గుమ్మంలో తడిసి ముద్దయిన సీనియర్ అసిస్టెంటును చూసి బీడీ పారేశాడు.

"ఏటండీ ఇలాగొచ్చారు? నోటీసులిద్దామనా?"

"లేదు ఆచారీ. మా ఆవిడ రేపు వస్తోంది. బల్ల కాలేదు. నా వల్ల కాదు" అన్నాడు పరంజ్యోతి. ఆఖరి మాట చెప్పడానికి అతనికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

సింహాచారి సంచీ భుజాన వేసుకుని అతని వెంట బయల్దేరాడు. ధాన్యం మీద కప్పే పాత బరకం ఒకటి తెచ్చి పెరట్లో నాలుగు గుంజలకి కట్టాడు. "వానలో పని సెయ్యడానికి కాయితం ఎందుకండీ, బరకం ఉండాలి గానీ" అన్నాడు. రంపాన్ని ఒక్క తట్టుతో ఊడదీశాడు. ఉబ్బిన చెక్క ఏ మేరకు ఎండితే ఎంత తగ్గుతుందో వేలితో కొలిచి, ఆ సందు ముందే వదిలాడు. జిగురు డబ్బా పక్కకి నెట్టేశాడు. పరంజ్యోతి మేకులందించాడు. పైన బరకంలో నీళ్ళు నిండినప్పుడల్లా కర్రతో పైకి పొడిచి పారబోశాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఏటవాలు బల్ల కూర్చుంది, రెయిలింగు నిలబడింది.

సింహాచారి చివరి మేకు తీసి రెయిలింగు కింద చివర, బల్లను కలిసే చోట ఆనించాడు. సుత్తి పరంజ్యోతికిచ్చాడు.

"ఇది తవరు కొట్టండి. పనైపోయిందంటే ఆ సంబరం ఎలాగుంటదో తెలవాలి గదా."

పరంజ్యోతి సుత్తి ఎత్తాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఒక పని పూర్తిచెయ్యబోతున్నాడు. ఉయ్యాల, స్టూలు, బీరువా అన్నీ ఒక్క దెబ్బతో తీరిపోయేలా ఉన్నాయి. అంతలో పద్ధెనిమిదో నిబంధన కళ్ళముందు కదిలింది. ఇది కొడితే నాలుగో రోజున ట్రాక్టరు వస్తుంది. ఆ ట్రాక్టరు పంపే కాగితం మీద సంతకం తనదే.

సుత్తి దించాడు.

"ఇది వద్దు ఆచారీ. ఇలా వదిలేద్దాం."

"వదిలెయ్యడమేటండీ!" సింహాచారికి కోపమొచ్చింది. "మేకు కొట్టకుండా పని వదిలెయ్యడం మా ఇంటా వంటా లేదండి. రేపమ్మగారు పట్టుకుంటే ఊగుతది. ఎవడ్రా సేసిందంటే నా పేరే సెప్తారు."

"నా పేరు చెప్తాను. నా పేరు చెబితే అందరూ నమ్ముతారు."

సింహాచారి నవ్వుతూ సంచీ సర్దుకున్నాడు. "అదీ నిజమేనండి" అన్నాడు.

మర్నాడు తాయారు కారు దిగింది. ఇంట్లోకి రాకుండా, కర్ర ఊతంతో పక్కసందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. బల్లను చూసింది. రెయిలింగు మీద చెయ్యి వేసి నునుపు చూసింది.

"మీరే చేశారా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "మేకులందించాను. నీళ్ళు పారబోశాను" అన్నాడు పరంజ్యోతి. "చేసింది సింహాచారి. ముందే నీ మాట వినాల్సింది."

తాయారు బల్ల మీదుగా మెల్లగా మెట్ల పైదాకా ఎక్కింది. మళ్ళీ దిగసాగింది. కిందికి వచ్చేసరికి రెయిలింగు చివర ఊగింది. ఎందుకని అడిగింది. అతను మొత్తం చెప్పాడు, బాణసంచా దగ్గర్నుంచి. ఆవిడ కాలు నొప్పి మర్చిపోయి, అక్కడే బల్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ మేకును అడిగి తీసుకుని పోపులడబ్బాలో ఆవాల పక్కన పెట్టింది.

నాలుగో రోజు సత్తియ్య రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. వెనకాల వీధిలో ట్రాక్టరు ఆగింది.

"అమ్మగారూ, పని పూర్తయిందని పక్కింటోళ్ళు సెప్పారండి. పద్ధెనిమిది కింద సూడాలండి."

"ఎవరు చేసిన పని?" అంది తాయారు.

"దరకాస్తు అయ్యగారి పేరు మీద ఉందండి."

"మా ఆయన చేతి మీద పని పూర్తయిందని ఎవరన్నా అంటే నువ్వు నమ్ముతావా సత్తియ్యా?"

ఆవిడ అతన్ని లోపలికి పిలిచింది. మూడు కాళ్ళ స్టూలు చూపించింది. వెనకపలక లేని బీరువా చూపించింది. ఉయ్యాల చూపించి, అది మొదలెట్టిన ఏడూ, కూతురి ఉద్యోగమూ చెప్పింది. పరంజ్యోతి తలుపు పక్కన నిలబడి అన్నిటికీ తలూపాడు. తన పేరు మీద ఇన్ని ఆధారాలు ఉన్నందుకు జన్మలో మొదటిసారి గర్వపడ్డాడు. సత్తియ్య పెరట్లోకి వెళ్ళి రెయిలింగు ఊపి చూశాడు. మేకు లేని బెజ్జంలో వేలు పెట్టాడు. రిజిస్టరు తెరిచి 'పని జరుగుచున్నది' అని రాసుకున్నాడు. ట్రాక్టరు వెళ్ళిపోయింది.

ఇప్పుడు సాగరపాడులో ప్రతి గేటుకీ, ప్రతి పందిరికీ, ప్రతి కిటికీకీ ఒక్క మేకు తక్కువే. ఊరంతా పరంజ్యోతి చేసినట్టే ఉంటుంది. కమిషనర్ గారు ఆ మేకు బెజ్జం ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించమని ఫైలు పంపారు. అది పరంజ్యోతి బల్ల మీదే ఉంది. మొదలుపెట్టాడు, ఇంకొక్క ఆదివారం పని ఉంది.

పొద్దున్నే తాయారు ఏటవాలు బల్ల మీదుగా బావి దగ్గరికి దిగుతుంది. పైనుంచి రెయిలింగు పట్టుకుని వస్తుంది. చివర, ఊగే చోటుకి వచ్చేసరికి, దాన్ని వదిలేసి చెయ్యి పక్కకి చాస్తుంది. ఎండైనా వానైనా పరంజ్యోతి భుజం ఆ వేళకి అక్కడ ఉంటుంది. దానికి పత్రం అక్కర్లేదు.